రెండో బేసిన్

నాలుగో స్క్రూ రావడం లేదు. మూడు వచ్చేశాయి, బేసిన్‌లో పడినప్పుడు టింగుమన్న చప్పుడు మూడుసార్లు విన్నాను, ఇది మాత్రం ఉప్పు పట్టేసి బిగదీసుకు కూర్చుంది. శనివారం దీన్ని బిగించింది నేనే కదా, మూడు రోజుల్లో ఇంత మొండితనం ఎక్కడినుంచి వచ్చిందో. ముప్పై ఏళ్ళ కిందటైతే ఒక్క తిప్పు తిప్పితే ఊడివచ్చేది, ఇప్పుడు మణికట్టులో బలం లేదు, వేళ్ళు వణుకుతాయి, ఆ వణుకు ఎవరికీ కనబడకుండా మోచేతిని మోకాలికి ఆనించుకుని తిప్పుతున్నాను. మధ్యాహ్నపు ఎండ కొబ్బరాకుల కప్పు సందుల్లోంచి చుక్కలు చుక్కలుగా పడుతోంది, పాక బయట ఇసుక కాలిపోతోంది, పడవలన్నీ వరసగా ఒడ్డునే ఉన్నాయి. మంగళవారం. మంగళవారం మా తీరంలో ఎవ్వరూ సముద్రం మీదికి వెళ్ళరు, అది సముద్రం పడుకునే రోజు, మా తాతలనుంచీ అంతే. కాబట్టి మంగళవారం జాలర్లందరికీ సెలవు, మోటార్లు బాగుచేసే నాకు మాత్రం పని. మంగళవారం పుట్టాను కనకే నాకు కోబినా అని పేరు వచ్చింది, అందరూ కాళ్ళు చాపుకున్న రోజున చాకిరీ చెయ్యడానికే పుట్టావురా అని మా అమ్మ నవ్వేది. ఇవాళ ఎవరూ నవ్వడం లేదు. పక్కన చిన్న పీట మీద నా కూతురు ఎఫువా ఫోను చెవికి పెట్టుకుని కూర్చుంది. దాని మొగుడు క్వెకు సోమవారం తెల్లవారకముందే పడవ తీశాడు, వాడితో ఇంకో ఆరుగురు. సోమవారం సాయంత్రానికి రావలసినవాళ్ళు ఇంకా రాలేదు.

గాలి లేదు, వాన లేదు, భయమంతా అందుకే. తుఫాను వచ్చి ఉంటే తుఫానుని తిట్టుకుని కూర్చునేవాళ్ళం. నిన్నంతా సముద్రం పళ్ళెంలో పోసిన నీళ్ళలాగే ఉంది. అంటే మోటారే ఆగింది. మోటారే అని అందరికీ తెలుసు, ఎవరూ నా మొహంలోకి చూసి ఆ మాట అనడం లేదు, పొద్దున నేనే ముందుగా అందుకుని, పెట్రోలు, పోయిన వారం వచ్చిన పెట్రోల్లో నీళ్ళు కలిశాయి, నేను అప్పుడే చెప్పాను అని గట్టిగా అరిచాను, దేవుడి మీద ఒట్టు కూడా పెట్టాను. అబద్ధం కాదు. నీళ్ళు కలిసిన మాట నిజమే, సీసాలో పోసి ఎండకి పెడితే అడుగున నీటిబుడగ దొర్లుతూ కనబడింది. అందుకే కదా శనివారం రెండు మోటార్లూ నా దగ్గరికి వచ్చాయి, కార్బరేటర్లు విప్పి కడగమని. రెండూ మా వదిన ఒట్సివావి, నా భార్యకి అక్క, ఈ ఒడ్డున చేపలు కొని ఎండబెట్టి దేశమంతా పంపే మనిషి, రెండు పడవలూ రెండు మోటార్లూ ఆమెవే. పెద్దది నలభై గుర్రాలది, క్వెకు పడవకి. ఇదిగో ఇప్పుడు నా ముందు కొయ్య స్టాండుకి వేలాడుతున్నది చిన్నది, పాతిక గుర్రాలది, ఇంజను మూత మీది అక్షరాలన్నీ ఉప్పుగాలికి చెరిగిపోయి ఏ కంపెనీదో దానికే గుర్తులేనంత పాతది, ఆమె కొడుకు ఫీఫీ పడవకి. ఇది కూడా సోమవారం వెళ్ళింది, ఒడ్డుకి దగ్గర్లోనే నల్లటి పొగ కక్కి, దగ్గి, దగ్గి, మధ్యాహ్నానికే తిరిగి వచ్చేసింది. దీన్ని చూసి ఫీఫీ కూడా పెట్రోలే అన్నాడు. నేను అవునన్నాను.

పొద్దున పెద్ద జాలరి నానా నీళ్ళ అంచున నిలబడి సారా వంచి చాలాసేపు సముద్రంతో మాట్లాడాడు. మేమంతా వెనక నిలబడ్డాం. తర్వాత ఇటు తిరిగి చెప్పాడు. ఒక్క పడవ వెళ్ళవచ్చు, అదీ తప్పిపోయినవాళ్ళ ఇంటి పడవే వెళ్ళాలి, అందులో వల ఉండకూడదు, ఒక్క దిక్కుకి వెళ్ళి అదే దారిన తిరిగి రావాలి, మంగళవారం నాడు గింజలేరుకునే కోడిలాగా సముద్రం మీద అటూ ఇటూ తిరగకూడదు. ఎవరూ ఎదురు చెప్పలేదు, ఎదురు చెప్పినా ఉన్నవి రెండు క్యాన్ల పెట్రోలు, రెండు దిక్కులకి చాలదు. ఇంటి పడవ అంటే ఫీఫీ పడవే, దానికి ఉన్నది ఈ దగ్గే మోటారే. అందుకని ఊరంతా వచ్చి నా పాక చుట్టూ నిలబడ్డారు, నేను ఈ నాలుగో స్క్రూతో కూర్చున్నాను.

"బాబాయ్, విప్పుతున్నావా, దానికి పెళ్ళి సంబంధం మాట్లాడుతున్నావా?" అన్నాడు ఫీఫీ.

"నువ్వు తాడు లాగినప్పుడు నీ మాట కూడా వినదు, అప్పుడు తెలుస్తుంది నీకు."

వాడు నవ్వబోయి ఎఫువాని చూసి ఆగాడు. ఎఫువా ఫోను తీసి చూసుకుని మళ్ళీ నొక్కింది. లోపలినుంచి ఆ అమ్మాయి గొంతు, మీరు పిలిచిన మనిషి ప్రస్తుతం అందుబాటులో లేరు అని, ఎంత మర్యాదగా చెబుతుందో, పొద్దుటినుంచి వందసార్లు విన్నాను, ఆ అమ్మాయికి అలసట లేదు, అదొక్కటే ఈ పాకలో అలసట లేని గొంతు. నాకు రాత్రి నిద్ర లేదు, మొన్న రాత్రి కూడా లేదు, శనివారం రాత్రి అయితే అసలు పడుకోనేలేదు, నాకు పని నేర్పిన మాస్టర్ అన్సాబా చావు పనులు. అరవై ఎనిమిదేళ్ళ ఒంట్లో మూడు రాత్రులు నిద్ర లేకపోతే కళ్ళలో ఇసుక పోసినట్టు ఉంటుంది, అసలే కుడికంట్లో పొర. ఆ సంగతి ఎఫువాకి సగమే చెప్పాను, కాస్త మసక అని, అంతే. సగం చెప్పడం నాకు బాగా అలవాటైపోయింది.

వచ్చింది. కిర్రుమని తిరిగి వచ్చింది. కార్బరేటర్ అడుగు గిన్నె ఊడి చేతిలోకి దిగింది, అడుగున గోధుమరంగు పెట్రోలు, దాని వాసన గొంతులోకి. యాభై ఏళ్ళుగా ఈ వాసనతోనే అన్నం తింటున్నాను. కార్బరేటర్‌లోని సన్నటి జెట్టుల్లోంచి నోటితో ఊది ఊది నా నాలుకకి ఉప్పూ కారం తప్ప ఇంకేమీ తెలియదు, మా ఆవిడ బతికి ఉన్నప్పుడు ఎన్ని రకాల పులుసులు చేసేదో, అన్నీ పెట్రోలు పులుసే అనేవాణ్ణి, ఆమె గరిట పుచ్చుకుని వచ్చేది. నోటితో ఊదడం నేర్పింది మాస్టర్ అన్సాబాయే. తీగ పెట్టకురా, తీగ చిల్లుని పెద్దది చేస్తుంది, చీపురుపుల్ల పెట్టు, పుల్ల వంగుతుంది గాని ఇత్తడిని గీకదు, తర్వాత ఊదు, ఊదినప్పుడు శ్వాస ఎటు పోతుందో పెదవికి తెలియాలి. పద్నాలుగేళ్ళకి ఆయన దగ్గర చేరాను, ఇరవై రెండేళ్ళు ఆయన పక్కన కూర్చున్నాను, ఆయన ఎప్పుడూ పొగడలేదు, ఒక్కసారి మాత్రం నేను బాగుచేసిన మోటారు చప్పుడు విని తలాడించాడు, ఆ తల ఊపు మీద ఇన్నేళ్ళు బతికాను. శనివారం ఆయన్ని పాతిపెట్టాం. నల్లబట్ట కట్టుకున్నాను, అంచుకి ఎర్రది, ఎఫువా ఇస్త్రీ చేసి పెట్టింది, మరక పడనివ్వకు నాన్నా అని రెండుసార్లు చెప్పింది. ఆ బట్ట కట్టుకునే కూర్చుని రెండు మోటార్లూ విప్పాను. ఎందుకంటే సోమవారం వేట ఉంది, ఆదివారం వదిన చర్చికి వెళుతుంది, పని ముట్టనివ్వదు, శవం పది గంటలకి లేస్తుంది, శిష్యుడు ముందువరసలో లేకపోతే ఊరు ఏమంటుంది. అవతల డప్పులు మొదలయ్యాయి, ఇవతల నేను బట్ట ఒడిలోకి దోపుకుని మరకపడకుండా చేతులు దూరంగా చాపి, కడిగి, బిగించి, లేచాను.

చీపురుపుల్ల ఎక్కడుంది. ఇదిగో. ఫ్లోటు పిన్ను తీశాను, పెట్రోలు మీద తేలే ఫ్లోటు బాగానే ఉంది, చిల్లు లేదు, చెవి దగ్గర పెట్టి ఊపితే లోపల చుక్క చప్పుడు లేదు. సూది బాగానే ఉంది. బురద లేదు. నేను అనుకున్నంత నీళ్ళూ లేవు. ఇంత శుభ్రంగా ఉన్న కార్బరేటర్ అంత నల్లటి పొగ ఎందుకు కక్కుతుంది. నీళ్ళు తాగిన మోటారు దగ్గుతుంది, నిజమే, కాని తెల్లగా దగ్గుతుంది, చుక్క చుక్కకీ ఆగి ఆగి. నల్లటి పొగ అంటే కడుపు నిండినవాడికి ఇంకా ఇంకా పెట్టినట్టు, పెట్రోలు ఎక్కువై. ప్లగ్గులు తీసి చూశాను కదా ఇందాక, రెండూ తడిసి మసిపట్టి ఉన్నాయి. ఎందుకు ఎక్కువవుతుంది. సోమవారమే అడగవలసిన ప్రశ్న ఇది, సోమవారం అడగలేదు, పెట్రోలని ఒక మాట అనేసి ఇంటికి వెళ్ళి పడుకున్నాను, పడుకున్నాను గాని నిద్రపోలేదు.

"ఎంతసేపు పడుతుంది కోబినా?" అంది వదిన. బోర్లించిన రోలు మీద కూర్చుంది, కాళ్ళ దగ్గర విప్పని కెంకీ పొట్లాలు, ఆకుల్లో చుట్టిన మొక్కజొన్న ముద్దలు, పడవలో వెళ్ళేవాళ్ళకి.

"జెట్టు తీస్తే అయిపోయినట్టే వదినా."

జెట్టు. వేలిగోరంత ఇత్తడి మొల, మధ్యలో సన్నటి చిల్లు, మోటారు జోరుగా వెళ్ళేటప్పుడు తాగేదంతా ఆ చిల్లులోంచే తాగుతుంది. పెద్ద మోటారుకి చిల్లు పెద్దది, చిన్నదానికి చిన్నది, పైకి చూస్తే రెండూ ఒకటే, మర ఒకటే, ఒకే కంపెనీ పిల్లలు, తల మీద చెక్కిన అంకె మాత్రమే వేరు. విప్పాను. చేతిలోకి తీసుకున్నాను. చీపురుపుల్ల పెట్టాను, ఆగవలసిన చోట ఆగలేదు. చిన్నదాని జెట్టులో పుల్ల బిగుసుకుంటుంది, కాస్త తిప్పితే గాని దాటదు, నా వేళ్ళకి తెలుసు ఆ బిగువు. ఇది జారిపోయింది. పుల్ల సన్నదేమో. ఇంకో పుల్ల తీశాను. అదీ జారిపోయింది. నోట్లో పెట్టుకుని ఊదాను, శ్వాస అడ్డులేకుండా పోయింది, పెదవికి తెలిసింది, నాకు తెలియడానికి మాత్రం ఇంకాస్త సమయం కావలసివచ్చింది. ఎండలోకి పట్టుకుని చూశాను, కుడికన్ను మూసి ఎడమకంటితో, దానికీ దగ్గరి అంకెలు ఆనవు, పసుపుపచ్చటి మసక తప్ప ఏమీ కనబడలేదు. శనివారం కూడా ఇలాగే మసక. శనివారం అంకె చదవలేదు, వేళ్ళకి తెలుసు అనుకున్నాను, వేళ్ళ మీద పెట్రోలు, చెవుల్లో డప్పులు, ఒడిలో కొత్త నల్లబట్ట.

"ఎఫువా, దీని తల మీద ఏముందో చదువు."

అది ఫోను ఒళ్ళో పెట్టుకుని జెట్టుని అందుకుంది, కొంగుతో తుడిచి కంటికి దగ్గరగా పెట్టుకుంది. దాని కళ్ళు దాని అమ్మ కళ్ళు, సూదిలో దారం ఎక్కించడానికి ఊళ్ళో ముసలమ్మలంతా దీని దగ్గరికే వచ్చేవాళ్ళు.

"నూటయాభై," అంది. "ఒకటి, అయిదు, సున్నా. మంచిదేనా నాన్నా?"

నూటపది. చిన్నదానికి నూటపది. నూటయాభై పెద్దదానిది. జెట్టుని తిరిగి నా అరచేతిలో పెట్టింది, నేను గుప్పిట మూసుకున్నాను. ఒక మోటారుకి ఒక బేసిన్. ఒక మోటారు పిల్లల్ని ఇంకో మోటారు పిల్లలతో ఆడుకోనివ్వకు కోబినా, కలిసిపోతే ఎవరి పిల్లలు ఎవరో తల్లికి కూడా తెలియదు. మాస్టర్ నేర్పిన మొదటి మాట అది, తీగ మాట తర్వాత నేర్పాడు. అందుకే నాకు రెండు బేసిన్లు, ఎర్రంచుది ఒకటి, నీలపంచుది ఒకటి, పింగాణీ పూత పెచ్చులూడినా పారెయ్యలేదు. శనివారం ఎర్రంచుది ఒక్కటే ఉంది. చావింటివాళ్ళు అన్నం వార్చడానికి పెద్ద బేసిన్ కావాలంటే ఎఫువా నీలపంచుది కడిగి ఇచ్చింది, పొద్దున్నే, నేను నిద్రలేవకముందే. ఇవ్వక ఏం చేస్తుంది, మాస్టర్ ఇంట్లో చావు, మనమే ఇవ్వకపోతే ఎవరిస్తారు. ఎర్రంచు బేసిన్‌లో రెండింటివీ వేసి కడిగాను. ఎడమవైపు పెద్దదానివి, కుడివైపు చిన్నదానివి అనుకున్నాను. బేసిన్ గుండ్రంగా ఉంటుంది, దానికి ఎడమేది కుడేది.

రెండింటినీ డ్రమ్ములోని నీళ్ళలో పెట్టి తిప్పి చూశాను కూడా, రెండూ చక్కగా పలికాయి. ఎందుకు పలకవు, నెమ్మదిగా తిరిగేటప్పుడు ఆ జెట్టుకి పనే ఉండదు, వేరే దారిన తాగుతుంది. జోరు పెంచి చూడాలి, జోరు పెంచితే నీళ్ళు ఎగిరి బట్ట మీద పడతాయి. పెంచలేదు. అంతే. మరక పడకూడదని. క్వెకు మోటారులో ఇప్పుడు నూటపది ఉంది. నలభై గుర్రాలకి పాతిక గుర్రాల తిండి. సోమవారం తెల్లవారుజామున వాడు ఒడ్డు దాటగానే పిడి పూర్తిగా తిప్పి ఉంటాడు, వాడికి నెమ్మది తెలియదు, పెళ్ళిలో కూడా అందరికంటే ముందు తినేశాడు, తిండి చాలని మోటారు ముందు చాలా బాగా పరిగెడుతుంది, తేలికగా, గలగలా, అబ్బ మావ ఎంత బాగా కడిగాడురా అని అనుకుని ఉంటాడు. అలా ఒక గంట. లోపల వేడెక్కుతూ ఉంటుంది. గంటో గంటన్నరో, ఆపైన పిస్టన్ గోడకి అతుక్కుపోతుంది, ఒక్క చప్పుడుతో, తర్వాత ఎవరు తాడు లాగినా కదలదు. ఒక గంటన్నర. వాళ్ళు వేటకి వెళ్ళే రాతిగట్టుకి మూడు గంటల దారి.

గట్టుకి మూడు గంటలు. ఈ మాట తలలో తిరుగుతోంది, ఎందుకు తిరుగుతోందో మెల్లగా అర్థమవుతోంది, అలసటలో అన్నీ ఆలస్యంగానే అర్థమవుతాయి. ఫీఫీ వాళ్ళు పడమరగా గట్టు మీదికే వెళదామని నిర్ణయించుకున్నారు. నీళ్ళ కింద రాతిగట్టు, అక్కడ లోతు తక్కువ, లంగరు ఆనుతుంది, మోటారు ఆగితే లంగరేసుకుని కూర్చోవడం అందరూ చేసేదే, అక్కడే ఉంటారు అని నానా కూడా అన్నాడు. నేను కూడా అన్నాను. కాని వాళ్ళు గట్టు చేరలేదు. సగం దారిలో ఆగిపోయారు, అక్కడ లోతు, ఊళ్ళో ఉన్న తాళ్ళన్నీ ముడేసినా లంగరు ఆనదు. లంగరు ఆనకపోతే నీటి పరుగు లాగేస్తుంది, ఈ రోజుల్లో పరుగు తూర్పుకి, నిన్న పొద్దుటినుంచి ఇవాళ మధ్యాహ్నం దాకా, ముప్పై గంటలు, ఊరు దాటి, నది కలిసే చోటు దాటి, ఇంకా తూర్పుకి. ఏడుగురు, రెండు తెడ్లు, ఒక డబ్బా నీళ్ళు. ఒక్క పడవ వెళుతుంది, ఒక్క దిక్కుకి, అది పడమరకి వెళుతుంది.

చెప్పాలి. చెప్పకుండా పంపవచ్చు. గుప్పిట విప్పి జెట్టుని చిన్నదానికే మళ్ళీ బిగించి, తూర్పుకి వెళ్ళండి, నా మనసు తూర్పంటోంది అని అనవచ్చు, ముసలివాళ్ళ మనసు ఏదో అంటూ ఉంటుంది, వింటారా, వినరు, ఎందుకు అంటారు. ఎందుకు అంటే చెప్పాలి. లేదా నోరు మూసుకుని కూర్చుంటే క్వెకు ఎప్పటికీ రాడు, పెద్ద మోటారు సముద్రం అడుగుకి పోతుంది, దానితోపాటు నూటపది కూడా, ఈ జెట్టు మాట నాకు తప్ప ఎవరికీ తెలియదు. ఈ ఆలోచన నాకు వచ్చింది. రాలేదని ఎలా అనను, వచ్చింది, ఒక్క క్షణం నా పక్కన కూర్చుంది, కూర్చున్నంతసేపు అలసట తగ్గినట్టు కూడా అనిపించింది, సిగ్గు లేకుండా. రేపటినుంచి ఎవరూ నా దగ్గరికి మోటారు తేరు అని భయపడ్డాను. చేతిలో ఏడుగురి ప్రాణం పెట్టుకుని నా పాకకి గిరాకీ గురించి ఆలోచించాను. ఎఫువా మళ్ళీ ఫోను చెవికి పెట్టుకుంది. మీరు పిలిచిన మనిషి.

"ఫోను పక్కన పెట్టు," అన్నాను.

అది నావైపు తిరిగింది. నేను గుప్పిట విప్పాను.

"ఇది క్వెకు మోటారుది. దీనిది వాడిదాంట్లో ఉంది. శనివారం నేనే మార్చి పెట్టేశాను."

ఫీఫీ దగ్గరికి వచ్చి వంగి జెట్టుని చూశాడు. "అంటే ఏంటి బాబాయ్?"

"అంటే వాళ్ళు గట్టు చేరలేదు. దారి సగంలోనే పిస్టన్ పట్టేసి ఉంటుంది. అక్కడ లంగరు ఆనదు. పరుగు తూర్పుకి లాగేసి ఉంటుంది. తూర్పుకి వెళ్ళండి, నది దాటి."

"పొద్దున పెట్రోల్లో నీళ్ళన్నావు," అంది వదిన.

"అన్నాను వదినా."

"ఒట్టేశావు."

"వేశాను."

"నేను నీ మాట మీద ఏడుగురు తల్లులకి అదే చెప్పొచ్చాను కోబినా." ఆమె గొంతు పెరగలేదు, పెరిగి ఉంటే నాకు కాస్త సుఖంగా ఉండేది.

ఎఫువా అడిగింది, చాలా మామూలుగా, ఉప్పు ఎక్కడుందని అడిగినట్టు. "ఎలా మారిపోయాయి నాన్నా? నువ్వెప్పుడూ కలపవు కదా."

"రెండూ ఒకే బేసిన్‌లో కడిగాను. అంకె కనబడలేదు. కుడికన్ను అసలు కనబడదు ఎఫువా, ఏడాదై."

బేసిన్ ఎందుకు ఒకటే ఉందో నేను అనలేదు. ఎఫువా కూడా అడగలేదు. ఎర్రంచు బేసిన్ వైపు చూసింది, దాని పక్కన ఖాళీగా ఉన్న ఇసుక వైపు చూసింది, ఎప్పుడూ రెండోది ఉండే చోటు. లేచి, బట్టకున్న ఇసుక దులుపుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా ఊళ్ళోకి నడిచి వెళ్ళిపోయింది. నా మొహం చూడలేక వెళ్ళింది అనుకున్నాను, పక్కనున్న ఆడవాళ్ళు కూడా అలాగే అనుకున్నట్టున్నారు, ఒకామె పెదవి విరిచింది.

పని ఆగలేదు. ఆగడానికి లేదు, పొద్దు వాలుతోంది. చిల్లు పెద్దదైతే దాన్ని చిన్నది చెయ్యాలి. "ఫీఫీ, పాడైన ఫోను చార్జరుంటే కొయ్యి, లోపలి రాగిపోగు ఒక్కటి కావాలి, వెంట్రుకంత." వాడు కోసి తెచ్చాడు, పళ్ళతో పైతోలు ఒలిచి ఒక్క పోగు తీసి ఇచ్చాడు. యాభై ఏళ్ళలో జెట్టులో తీగ పెట్టనివాణ్ణి ఇవాళ పెట్టాను, మాస్టర్‌ని పాతిపెట్టి మూడు రోజులే అయింది. పోగుని చిల్లులోంచి దూర్చడం నా చేత కాలేదు, మూడుసార్లు తప్పింది, నాలుగోసారి ఫీఫీయే నా చేతిలోంచి తీసుకుని దూర్చాడు, రెండు కొసలూ ఎటూ జారకుండా నేను వంచాను. నోట్లో పెట్టి ఊదాను. ఇప్పుడు శ్వాస కాస్త అడ్డు తగిలి వెళుతోంది. సరిపోతుందా. ఇంకాస్త ఉంటే బాగుండును, పోగు ఒకటి చాలదేమో, రెండు పెడితే మరీ బిగుసుకుంటుందేమో, పెదవిని అడిగాను, పెదవి సరే అంది, ఇంక దాని మాట వినడం తప్ప వేరే దారి లేదు. బిగించాను, జెట్టు, ఫ్లోటు, పిన్ను, గిన్నె, నాలుగు స్క్రూలు. నాలుగోది ఇప్పుడు మారుమాట లేకుండా తిరిగింది. మోటారుని డ్రమ్ములో దింపి ఫీఫీ తాడు లాగాడు, రెండోసారికి అందుకుంది. పిడి తిప్పు, పూర్తిగా తిప్పు అన్నాను, నీళ్ళు ఎగిరి నా మొహం మీద, చొక్కా మీద, పాకంతా చిమ్మాయి. కళ్ళు మూసుకుని విన్నాను. నల్లపొగ లేదన్నారు ఎవరో. చప్పుడు నున్నగా ఉంది, అడుగున ఎక్కడో చిన్న గరగర, అది దీని పుట్టుక గరగర.

నానాకి కబురు వెళ్ళింది, దిక్కు మారిందని. ఆయన మళ్ళీ సారా వంచలేదు, ఎటైనా ఒకటే దిక్కు అని మాత్రం అన్నాడట. పదిమంది పడవని దుంగల మీద నీళ్ళలోకి నెట్టారు, మోటారు వెనక బిగించారు, క్యాన్లు, కెంకీ పొట్లాలు, తాగేనీళ్ళు, పొడవాటి తాడు. నేను కూడా మోకాలి లోతు నీళ్ళలోకి వెళ్ళి పడవ అంచు పట్టుకున్నాను. పదకొండేళ్ళైంది పడవెక్కి. "నువ్వెందుకు బాబాయ్?" అన్నాడు ఫీఫీ. మళ్ళీ దగ్గితే విప్పేవాడు ఉండాలి కదా అన్నాను, ఇంకేదో కూడా అనాలనుకున్నాను గాని అల తోసింది, ఇద్దరు చంకల కింద పట్టుకుని లోపలికి లాగారు, మూటలా పడ్డాను. పలక మీద కూర్చుని ఊపిరి తీసుకుంటూ ఒడ్డు వైపు చూశాను. ఎవరెవరో నిలబడి ఉన్నారు, మసకలో ఒకరికీ ఒకరికీ తేడా లేదు. వదిన రోలు మీదినుంచి లేచి నిలబడ్డట్టుంది.

అప్పుడు ఆ మసకలోంచి ఒక మనిషి పరిగెడుతూ వచ్చింది, జనాన్ని తోసుకుని నీళ్ళలోకి, నడుము దాకా, ఒక అల మొహం మీద కొట్టినా ఆగలేదు. దగ్గరికి వచ్చాక తెలిసింది ఎఫువా అని. నెత్తి మీద రెండు చేతులతో పట్టుకుని నీలపంచు బేసిన్. మాస్టర్ ఇంటికి, ఊరి ఆ చివరికి వెళ్ళి వచ్చింది. రొప్పుతూ పడవ అంచు మీదుగా బేసిన్‌ని నాకు అందించింది, నేను అందుకున్నాను, అది వెంటనే వదలలేదు, ఒక అల లేచి దిగేంతసేపు ఇద్దరం చెరోవైపు పట్టుకుని ఉన్నాం.

"దారిలో విప్పాల్సొస్తే ఇందులో వెయ్యి," అంది. "దీనివి తప్ప ఇంకేమీ వెయ్యకు నాన్నా."

"వెయ్యను."

"ఇవ్వకుండా ఉండాల్సింది నేను," అంది, సగం అలలో కలిసిపోయింది, నాకు వినబడింది. ఏదో చెప్పబోయాను, నీ తప్పేముంది అనో ఏదో, అప్పటికే వదిలేసి వెనక్కి అడుగులు వేస్తోంది, నీళ్ళు దాన్ని ఒడ్డుకి తోస్తున్నాయి.

ఫీఫీ తాడు లాగాడు. మొదటిసారికే అందుకుంది. అలలు దాటాక జోరు తగ్గించి నావైపు వంగాడు, ఈసారి ఎగతాళి లేదు గొంతులో. "బాబాయ్, ఎటు? చూసి చెప్పు. మళ్ళీ తిరగడానికి లేదు."

కుడివైపు గట్టు, ఎడమవైపు నది. చెయ్యెత్తి ఎడమవైపు, తూర్పుకి చూపించాను. చెయ్యి వణుకుతోంది, పడవలో అందరూ చూస్తున్నారు, దించలేదు. పడవ మెల్లగా తిరిగింది, ఫీఫీ పిడి పూర్తిగా తిప్పాడు. బేసిన్ కడగలేదు చావింటివాళ్ళు, అడుగున శనివారం నాటి మెతుకులు ఎండి అంటుకుని ఉన్నాయి. దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఒక్కో మెతుకునీ గోటితో గీకుతూ, మోటారు చప్పుడు వింటూ కూర్చున్నాను.